ఇంటి పాత ఫొటోలకు గింప్: కొన్నేళ్ళు వాడాక

మన ఇళ్ళల్లో పాత ఫొటోలు సగం భక్తివల్లే పాడవుతాయి. పోయినవాళ్ళ ఫొటోకి పటం కట్టించి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టి, దండేసి, ఏటా తద్దినానికి కిందికి దించి తడిగుడ్డతో తుడుస్తాం. ఆ తడి పటం అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. అద్దం పగిలిన పటమైతే బొట్టు నేరుగా ఫొటో మీదే. మిగతా సగం సంగతి చెదలూ, ట్రంకుపెట్టెలో వానాకాలపు చెమ్మా చూసుకుంటాయి. ఇలాంటివాటిని బాగుచేయడానికి నేను కొన్నేళ్ళుగా గింప్ వాడుతున్నాను. ఫొటోలు దిద్దడానికి 1996 నుంచీ ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది.

ముందు స్కాన్ మాట. ఫోన్‌తో తీసిన ఫొటోని వాట్సాప్‌లో పంపి "కాస్త బాగుచెయ్యి నాయనా" అనే చుట్టాలకి నా జవాబు ఒకటే: అసలు ఫొటో పంపండి. కార్డు సైజుకి 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క), పాస్‌పోర్టు సైజుకి 1200. బ్లాక్ అండ్ వైట్ ఫొటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయాలి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని మాత్రం పీకొద్దు, బొమ్మ ఉన్న పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కానర్ మీద పెట్టేయండి. ప్రింటర్‌తో కలిసొచ్చే చవక స్కానర్లలో అద్దం మందానికి కాస్త మసకగా వస్తుంది. లోపల లెన్సుండే సీసీడీ రకం స్కానర్ దొరికితే ఆ ఇబ్బంది తక్కువ.

కలర్‌లో ఎందుకంటే కుంకుమ కోసం. గింప్‌లో కలర్స్, కాంపోనెంట్స్, డీకంపోజ్‌కి వెళ్ళి ఆర్‌జీబీ ఎంచుకుంటే ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బ్లాక్ అండ్ వైట్ లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలుగా, విడిపోతుంది. నీలం లేయర్‌లో కుంకుమ మరక నల్లగా కనబడుతుంది. ఎరుపు లేయర్‌లో అదే మరక దాదాపు మాయం. కుంకుమ ఎర్ర కాంతిని వెనక్కి కొడుతుంది కాబట్టి ఆ లేయర్‌లో తెల్ల కాగితంతో కలిసిపోతుంది. పసుపూ అంతే, కాగితం పాతబడి పచ్చబడిపోవడమూ అంతే. తెల్ల పంచె మీద, వెనకాల లేతరంగు తెర మీద ఉన్న మరకలు బ్రష్ ముట్టకుండానే పోతాయి. అదే కుంకుమ నల్లకోటు మీద పడితే కథ తిరగబడుతుంది: ఎరుపు లేయర్‌లో అక్కడ తెల్లమచ్చ లేస్తుంది. ఆ కాస్త చోటికీ నీలం లేయర్‌ని మాస్క్ వేసి, అంటే మిగతాదంతా కప్పేసి, తెచ్చుకుంటాను.

మడతలకీ గీతలకీ హీల్ టూల్. కంట్రోల్ నొక్కి బాగున్నచోట క్లిక్ చేస్తే అక్కడి గరుకూ నునుపూ తీసుకుని, పాడైనచోటి వెలుగునీడలకి తగ్గట్టు సర్దుతుంది. బుగ్గ మీదా గోడ మీదా దీనికి తిరుగులేదు. జుట్టూ నుదురూ కలిసేచోట మాత్రం పక్కనున్న నలుపు లోపలికి పాకుతుంది. అక్కడ ఉన్నదున్నట్టు కాపీ కొట్టే క్లోన్ టూల్, చిన్న బ్రష్, ఓపిక. గింప్‌కి అదనంగా తగిలించుకునే రిసింథసైజర్ ప్లగిన్ వేసుకుంటే పెద్ద చిరుగుల్ని తనే పూడుస్తుంది. స్టూడియో తెరకి సరిపోతుంది గానీ, ముఖం దగ్గర వాడితే చెవి పక్కన ఇంకో చెవి మొలవొచ్చు.

ఏది ఫొటో మచ్చ, ఏది మనిషి మచ్చ అన్నది మాత్రం ఏ టూలూ చెప్పదు. మా తాతయ్య తరంలో స్ఫోటకం మచ్చలున్న ముఖాలు చాలా. బాగా జూమ్ చేసి చూస్తే తేడా తెలుస్తుంది. దుమ్ముచుక్క అంచు పదునుగా ఉంటుంది, లోపలంతా ఒకటే రంగు. స్ఫోటకం గుంటలో స్టూడియో దీపం పడ్డ వైపుని బట్టి నీడ ఉంటుంది, చుట్టూ చర్మం ఎంత మసకగా ఉంటే అదీ అంతే మసకగా ఉంటుంది. అనుమానమొస్తే ఆ మనిషిదే ఇంకో ఫొటో పక్కన పెట్టుకుంటాను.

ఒక్క నొక్కుతో పని కానిచ్చే ఏఐ యాప్‌లూ చూశాను. గీతలు భలే తీస్తాయి, ఒప్పుకోవాలి. ముఖాన్ని మాత్రం బాగుచేయవు, కొత్తగా గీస్తాయి. తాము నేర్చుకున్న వేరే ముఖాల్ని బట్టి కన్నూ ముక్కూ ఊహించి పెడతాయి. తాతయ్య మచ్చలు పోయాయి, మీసం సన్నబడింది. మా పెద్దత్త చూసి "ఈ అబ్బాయెవర్రా, సినిమాల్లో వేస్తాడా?" అంది. ఇంకో యాప్ చంటిపిల్ల బుగ్గ మీది దిష్టిచుక్కని మరకనుకుని చెరిపేసింది. పెళ్ళి గ్రూపు ఫొటోలో వెనక వరసన ఆవగింజంత ముఖాలుంటాయి చూడండి, వాటి సంగతి చెప్పక్కర్లేదు.

1970, 80ల కలర్ ఫొటోలు పెట్టెలో దాచినా ఎర్రబడతాయి. అప్పటి కాగితాల్లో చాలావాటికి సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు చీకట్లోనే వెలిసిపోయేది. వెలుగునీడలు సర్దే లెవెల్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్ళనీ విడివిడిగా సర్దితే చాలావరకు తిరిగొస్తుంది. చీర రంగు మాత్రం కట్టుకున్నవాళ్ళనే అడగాలి. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇంకొంచెం పచ్చగా... ఇంకొంచెం... ఆ, అదీ చిలకపచ్చ" అనేదాకా కర్వ్స్‌లో రంగుల గీతని జరిపాను. గళ్ళగళ్ళ కాగితం మీద వేసిన ప్రింట్లయితే ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేయండి. రెండోదాన్ని నిటారుగా తిప్పి మొదటిదాని మీద పెట్టి ఒపాసిటీ 50 శాతం చేస్తే, అంటే కిందిది సగం కనబడేలా చేస్తే, గళ్ళ నీడలు చాలావరకు చెల్లుకు చెల్లు.

గింప్‌తో చిరాకులూ ఉన్నాయి. సేవ్ అంటే దాని సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలే, జేపీజీ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కి వెళ్ళాలి. లెవెల్స్ వేసి ఓకే కొట్టాక, ఇంకో నాలుగు పనులు చేసి మళ్ళీ ఆ ఒక్కదాన్నే మార్చుకునే వీలు 2025 మార్చిలో 3.0 వచ్చేదాకా లేదు. ఫొటోషాప్‌లో ఈ సౌకర్యం ఎప్పట్నుంచో ఉంది. అదే బతుకుతెరువైన స్టూడియోవాళ్ళు దాన్ని వదలక్కర్లేదు. పండక్కో తద్దినానికో రెండు ఫొటోలు బాగుచేసుకునే నాలాంటివాళ్ళకి నెలనెలా డబ్బు కట్టడం దండగ.

ప్రింటుకి ఇచ్చేటప్పుడు మ్యాట్ కాగితం అడగండి, ఆటో కరెక్షన్ వద్దని గట్టిగా చెప్పండి. చెప్పకపోతే ల్యాబ్ మెషిన్ తాతయ్యకీ మనవడికీ ఒకే తెలుపు పూసి ఇస్తుంది.