బరంపురంలో బ్రేకులు చేయించుకుని మద్రాసు ట్రాకు మీదికి

బరంపురంలో నా కారు బ్రేకులు బాగుచేసిన ఈ షెడ్డుకి బోర్డు లేదు. రేకుల కప్పు, వేపచెట్టు, చెట్టు కింద చక్రాల్లేని పాత జీపు. ఆ జీపే బోర్డు. గోపాల్‌పూర్ రోడ్డులో "జీపు షెడ్డు" అంటే ఆటోవాళ్ళు సరిగ్గా దింపుతారు. మేస్త్రి పేరు రాయనా అని అడిగితే వద్దన్నాడు. "రాత్తే జనం వచ్చెత్తారు బాబూ, ఉన్న పనే తెమల్ట్లేదు." సరే, రాయను. మా గంజాం, గజపతి, రాయగడ వైపు నుంచో, ఇటు ఇచ్ఛాపురం, పలాస నుంచో కారేసుకుని ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేసు ట్రాకు మీద నడుపుకునే రోజుకి, పోదామని మనసులో పెట్టుకున్న నలుగురైదుగురికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నాది పట్టుచీరల కొట్టు. వయసు నలభై మూడు. నా కారు 2016 మోడల్ అబార్త్ పుంటో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 1.4 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 145 గుర్రాల బలం, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులే. స్పోర్ట్స్ కారు అంటే మద్రాసు ట్రాకు దగ్గర పోర్షేల వాళ్ళు మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. మా వీధిలో మాత్రం అది "తేలు కారు". కార్లో అబార్త్ 1949లో కంపెనీ పెట్టినప్పుడు తన రాశి వృశ్చికం కాబట్టి తేలునే గుర్తుగా పెట్టుకున్నాడట. ఈ మాట చెప్తే మా అమ్మ, "నీది కన్యారాశి కదరా, ఎవరి జాతకమో నువ్వు మోస్తున్నావేటి" అంది.

ట్రాక్ డే అంటే రేసు కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో వాళ్ళకి నేను పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుంటారు, డబ్బు కడతారు, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున వంతులేసి వదుల్తారు. నేను వెళ్ళిన రెండుసార్లూ దాటడం నేరుగా ఉన్న చోటే, అదీ ముందున్నవాడు చేత్తో దారి చూపిస్తేనే. పసుపు జెండా చూపిస్తే ముందు ప్రమాదం, దాటకూడదు. ఎర్ర జెండా అయితే నెమ్మదించి లోపలికి వచ్చెయ్యాలి. నీలం జెండా అంటే నీ వెనక నీకన్నా గట్టివాడు వస్తున్నాడు, దారివ్వు అని. నాకు రోజంతా ఎక్కువగా కనపడింది ఆ నీలమే.

మొదటిసారి పోయినేడు వెళ్ళాను. బండి సిద్ధం చేయించడానికి ఒక పెద్ద ఊళ్ళో పెద్ద షాపుకి ఇచ్చాను. పేరు అనవసరం. ఏసీ గది, కాఫీ మెషీను, గోడ మీద రేసు కార్ల ఫోటోలు. బిల్లులో "బ్రేక్ ఫ్లూయిడ్ మార్పు" అని వేసి డబ్బు పుచ్చుకున్నారు. ట్రాకు మీద నాలుగో చుట్టులో పెడల్ మెత్తబడింది. ఐదో చుట్టులో మొదటి మలుపు ముందు కాలు వేస్తే పరుపు మీద వేసినట్టు లోపలికి దిగిపోయింది. రెండోసారి, మూడోసారి తొక్కితే పట్టింది గానీ, ఆ మధ్యలో ఎంత దూరం పోయానో నాకే తెలీదు. గడ్డిలోకి దిగి ఆగాను. కారుకేం కాలేదు. నాకు సాయంత్రం దాకా చేతులు వణికాయి.

తిరిగొచ్చాక మా గుమస్తా తమ్ముడు ఈ షెడ్డు చూపించాడు. మేస్త్రి చక్రం విప్పి, కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని పట్టి ఆపే భాగం) వెనకాల, పాత బ్రేకాయిలు బయటికి వదిలే నిప్పుల్ మీది రబ్బరు మూత నాకు చూపించాడు. దాని మీద ఏళ్ళ నాటి బురద గట్టిపడి ఉంది. "ఇది ఎవులూ తియ్యలేదు బాబూ. నీకు కాఫీ ఇచ్చీసి పంపించీసినారు."

ఆయన లారీల మేస్త్రి కాదు. లారీలవి గాలి బ్రేకులు, ఆ లెక్క వేరు. ఆయన చేతుల్లో పెరిగినవి ఘాట్ రోడ్ల జీపులూ ట్రెక్కర్లూ. తప్తపాణి ఘాటీ, కళింగ ఘాటీ దిగే ఆయిల్ బ్రేకుల బళ్ళు. లోపల పదిమంది, పైన బస్తాలు, వెనకాల ఇంకో నలుగురు వేళ్ళాడుతూ. అలాంటి బండికి దిగుడులో ఏమవుతుందో, నా కారుకి ట్రాకు మీద అయిందీ అదే. ఇది ఆయన వివరించేదాకా నాకు తట్టలేదు.

"బ్రేకాయిలు ఉప్పులాంటిది. మూత తీసి పెడితే నీరు తాగెత్తాది. మనది సముద్రం ఊరు, ఇంకా తొరగా తాగెత్తాది." ఇంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు. తర్వాత అంకెలు నేను చూసుకున్నాను. బ్రేకాయిల్లో డాట్ 4 అనే రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరక్కూడదు. నీరు పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1 అయితే 260, నీరు పట్టాక 180. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు లేస్తాయి. ఆయిలు నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా ఆ బుడగలు నలపడానికే పోయి ప్యాడ్ల దాకా చేరదు. పైగా వేగం రెట్టింపైతే బ్రేకు ఆపాల్సిన శక్తి నాలుగింతలు. ఊళ్ళో నలభైలో వెళ్ళేటప్పుడు మూడేళ్ళ పాత ఆయిలైనా చెల్లుతుంది. నూట యాభై నుంచి డెబ్బైకి, చుట్టు చుట్టుకీ అన్నేసిసార్లు, అక్కడ చెల్లదు.

నేను 5.1 డబ్బాలు రెండు, సెమీ మెటాలిక్ ప్యాడ్లు తెచ్చిచ్చాను. డబ్బా మీద 5.1 అని చూశాకే మూత తీశాడు. ఉత్త 5 అని ఉంటే అది సిలికాన్ రకం, దీంతో కలపకూడదని ఆయనకి తెలుసు, నాకు తెలీదు. పని వెనక ఎడమ చక్రం నుంచి మొదలెట్టాడు, దూరపుది ముందు అని. నిప్పుల్‌కి సన్న ట్యూబు, ట్యూబు కొస సీసాలో ముంచి. సీట్లో ఒడియా కుర్రాడు. "దబా!" కుర్రాడు తొక్కి పట్టుకున్నాడు. మేస్త్రి నిప్పుల్ వదిలాడు, నల్లటి ద్రవం వచ్చింది, బిగించాడు. "ఛాడ్!" కుర్రాడు వదిలాడు. మళ్ళీ "దబా!" గంటన్నర ఇదే పాట. టీ డికాక్షన్ రంగు నుంచి తేనె రంగుకి, తేనె నుంచి దాదాపు నీటి రంగుకి వచ్చేదాకా వదల్లేదు. మధ్యలో ఒక చుక్క ఫెండరు మీద పడితే కుర్రాణ్ణి కేకేసి వెంటనే నీళ్ళు కొట్టించాడు, అది రంగు తినేస్తుందని. ఏసీ గది షాపులో అద్దంలోంచి చూడనిచ్చారు. ఇక్కడ బకెట్టు బోర్లించి కూచోమన్నాడు.

కొత్త ప్యాడ్లు డిస్కులకి అలవాటు పడేలా మచ్చిక చేయడానికి మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి నాతో వచ్చాడు. ఖాళీ రోడ్డు మీద అరవై నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు. తర్వాత బ్రేకు ముట్టకుండా నాలుగైదు కిలోమీటర్లు పోనివ్వమన్నాడు, చల్లారడానికి. ఆ పైన తప్తపాణి దాకా వెళ్ళి ఘాటీ ఒక్కసారి నిదానంగా దిగాం. కింద ఆపి చక్రం దగ్గర ముక్కు పెట్టాడు. "వాసనొచ్చింది. ఇప్పుడు హ్యాండు బ్రేకు లాగకు, గేర్లో ఉంచి రాయెట్టు." వేడి డిస్కుని ప్యాడు గట్టిగా పట్టుకుని కూచుంటే దానికి మంచిది కాదు. ట్రాకు పక్కన కార్లు ఆపే పిట్‌లో మాకు చెప్పిన మాటా ఇదే, కాకపోతే అక్కడ ఇంగ్లీషులో చెప్పారు. పొద్దున్నే టిఫిను కూడా లేకుండా అంత దూరం వచ్చినందుకు ఆయన అడిగింది రెండు వందలు. ఐదొందలు ఇస్తే మూడొందలు తిరిగిచ్చాడు.

ఇక ట్రాకు. బరంపురం నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాటే, పదహారో నంబరు హైవే మీద. దారిలో విశాఖలో చక్రాల అలైన్‌మెంటు చేయించాను, ఎందుకంటే షెడ్డులో ఆ మెషీను లేదు. మద్రాసు ట్రాకు ఉన్నది శ్రీపెరుంబుదూరు దారిలో ఇరుంగాట్టుకోట్టైలో. చుట్టు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. 1990 నాటిది. అంతకు ముందు రేసులు షోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగేవి. మా పెదనాన్న మద్రాసులో చదువుకునేటప్పుడు చూశాడు. 1936లో ఒరిస్సా వేరుపడేదాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, ఆ అలవాటు పోక మావాళ్ళకి తర్వాత కూడా పెద్ద చదువంటే మద్రాసే, పెద్ద సరదా అంటే మద్రాసే.

ఆ రోజు నాలుగు వంతులు తిరిగాను. చుట్ల టైములు రాయను, గొప్ప చెప్పుకునేలా లేవు. పెడల్ సంగతి చెప్తాను, ఈ సమీక్ష దాని గురించే. మొదటి వంతు మొదటి మలుపు ముందు ఎంత ఎత్తులో పట్టిందో, నాలుగో వంతు ఆఖర్న కూడా దాదాపు అక్కడే పట్టింది. మధ్యాహ్నం ఎండకి టైర్లు అలిసిపోయాయి. ఇంజను వేడెక్కి కాస్త మందగించింది. నేనైతే మూడో వంతుకే తడిసి ముద్దయ్యాను. బ్రేకులు మాత్రం పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పక్కన ఒక జర్మన్ కారాయన, నాదానికి మూడింతల బలం, రెండో వంతులోనే పెడల్ పోయిందని వచ్చి కూచున్నాడు. ఆయనకి ఉప్పు సంగతి చెప్పాను. ఆయన తమిళంలో తల పట్టుకున్నాడు.

ఒక పక్కమాట. మామూలు కారు బీమా పాలసీ తీసి చదవండి. వాడుక హద్దుల దగ్గర రేసులు, వేగం పరీక్షలు లాంటివి మినహాయించి ఉంటాయి. ట్రాకు మీద గోడ ముద్దుపెట్టుకుంటే ఖర్చు మీదే అనుకుని వెళ్ళాలి. నేను మా ఆవిడకి చెప్పలేదు.

షెడ్డులో తప్పుల్లేవా అంటే ఉన్నాయి. చక్రాల బోల్టులు లెక్క చూసుకుని బిగించే రెంచి అక్కడ లేదు. పానాకి మూరెడు పైపు తగిలించి, కుర్రాడు దాని మీద నిలబడ్డాడు. ట్రాకు దగ్గర పొద్దున్నే బిగింపు సరిచూద్దామని పొరుగాయన టార్క్ రెంచి అడిగి తీసుకుంటే, ముందు బోల్టు వదలడానికే ఇద్దరం వేళ్ళాడాం. అంత బిగువు మంచిది కాదు. తిరిగొచ్చి చెప్తే మేస్త్రి, "ఒదులైపోతే చక్రం పోతాది గదా" అన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయనతో వాదన పెట్టుకోకుండా మీ రెంచి మీరే పట్టుకెళ్ళండి. రెండోది, టైము. రెండు రోజులన్నాడు, ఐదు రోజులు పట్టింది. రథయాత్ర వచ్చిందన్నాడు, కుర్రాడు ఊరెళ్ళాడన్నాడు, ఒక రోజైతే కారణమేమీ చెప్పలేదు. మూడోది, బిల్లు ఇవ్వడు. కంపెనీ పేరు మీద కారున్నవాళ్ళకి కష్టమే. నాలుగోది చిన్నది గానీ నాకు కోపం తెప్పించింది: డ్రైవరు సీటు మీద కుర్రాడి గ్రీజు వేళ్ళు ఐదూ ముద్రపడ్డాయి. సీటుకి చీరల ప్యాకింగ్ కవరు తొడిగి ఇవ్వాల్సింది, తప్పు నాదే అనుకుంటున్నాను.

కూలి పదిహేను వందలు, ప్యాడ్లు వేసినందుకూ ఆయిలు మార్చినందుకూ కలిపి. సామాను మనదే. ఏసీ గది షాపు వాళ్ళు చేయని పనికి పుచ్చుకున్నది దీనికి నాలుగింతలు. ఐదు చుక్కలకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ పైపుకి తీసేశాను.

తిరిగొచ్చిన వారానికి ఫోన్లో ట్రాకు వీడియో చూపించడానికి వెళ్ళాను. ఆయన బొమ్మ కన్నా చప్పుడు ఎక్కువ విన్నాడు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని. మొత్తం చూసి, "కొండేదీ?" అన్నాడు. కొండ లేదు మేస్త్రి గారూ, అంతా చదునే అన్నాను. "మరి దిగనప్పుడు అన్నేసిసార్లు బ్రేకు ఎందుకు తొక్కినట్టు?" దానికి నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ వెనక్కి తిప్పమని ఒక మలుపు దగ్గర ఆపించాడు. "ముందు ఎడంపక్క కీచుమంటంది, విన్నావా? అది సగం అయిపోయుంటాది. బండి తే."

చక్రం విప్పితే ఎడమ ప్యాడు నిజంగానే కుడిదాని కన్నా బాగా అరిగి ఉంది, కాలిపర్ పిన్ను బిగుసుకోవడం వల్ల. పిన్ను శుభ్రం చేసి గ్రీజు పెట్టాలన్నాడు. కొత్త ప్యాడ్లు తెప్పించి నిన్న బండి అప్పజెప్పి వచ్చాను. రెండు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. నేను వారం అనుకుని మా బావ స్కూటరు అడిగి తెచ్చుకున్నాను.