బ్రేక్-ఇన్ చేసి ఇస్తామంటే నమ్మి డబ్బులు కట్టకండి

షాపు పేరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో పిల్లల్ని రైఫిల్ షూటింగ్‌లో చేర్పించినవాళ్లలో సగం మంది ఆ మెట్లెక్కే ఉంటారు. మా పాపకి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొన్నాను. కొత్త బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, లోపల గరుకుగా ఉంటుంది సార్, పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్లు) సీసం గాడుల్లో పేరుకుంటుంది, మేమే 300 పెల్లెట్లు కాల్చి, మధ్యమధ్యలో తుడిచి నునుపు చేసి ఇస్తాం, దాన్నే బ్రేక్-ఇన్ అంటారు అన్నాడు షాపు ఓనరు. దానికి వేరేగా 2,500. ఇచ్చాను. రసీదు అడగలేదు. ఆఫీసులో రోజంతా ఊళ్లోవాళ్ల బిల్లులు చెక్ చేసేది నేనే!

వారం తిరక్కుండానే గురి చెదిరింది. ఆ టార్గెట్‌లో పది పాయింట్లు అంటే మధ్యలో అర మిల్లీమీటరు చుక్క. ఒకదాని మీద ఒకటి పడాల్సిన పెల్లెట్లు రూపాయి బిళ్లంత మేర పడుతున్నాయి. కోచ్ గారు దారానికి గుడ్డముక్క కట్టి బ్యారెల్ వెనక నుంచి లాగారు. నల్లటి జిడ్డు, అందులో అతుక్కున్న వెండిరంగు సీసం పొరలు. "ఫ్యాక్టరీ ఆయిల్ కూడా తియ్యలేదండీ" అన్నారు.

షాపుకి తీసుకెళ్లాను, పాప కూడా వచ్చింది. ఆ పెద్దమనిషి ఫోన్ మాట్లాడుతూనే డ్రాయర్‌లోంచి ఇనుప కడ్డీ తీసి బ్యారెల్ మూతిలోంచి దూర్చాడు. కిర్రుమంది. పెల్లెట్ బయటికొచ్చేటప్పుడు చివరగా తగిలే అంచు అది, దానికి గీత పడితే గురి పోయినట్టే. ఆ సంగతి కోచ్ గారు నాకు ముందే చెప్పారు. అయినా కడ్డీ నాలుగుసార్లు ఆడేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను. ఏం మర్యాదో నాది!

తర్వాత పాప వైపు చూసి నవ్వుతూ, "బ్యారెల్ బంగారం సార్. పాప చెయ్యే నిలవట్లేదు, బాదంపప్పు పెట్టండి" అన్నాడు.

దారంతా అది మాట్లాడలేదు. ఇంటికొచ్చి, "నాన్నా, నిజంగా నా చెయ్యేనా?" అంది.

మర్నాడు 2,500 వాపసు అడిగితే "సర్వీస్ చేశాం కదా సార్" అన్నాడు. ఏ సర్వీసు బాబూ, కడ్డీదా?

కొనేవాళ్లు డబ్బు కట్టేముందు అక్కడే తెల్లగుడ్డ వెనక నుంచి లాగించి చూడండి. బ్రేక్-ఇన్ పెద్ద విద్యేం కాదు, ఫెల్ట్ పెల్లెట్ల (బ్యారెల్ తుడిచే మెత్తటి ఉన్ని బిళ్లలు) డబ్బా కొనుక్కుని మొదట్లో యాభై కాల్చినప్పుడల్లా మీరే తుడుచుకోవచ్చు. గొడవకి వెళ్లాల్సి వస్తే మాత్రం పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్లండి.