కాళ్లకి రెసిస్టెన్స్ బ్యాండ్లు: కొన్నేళ్లు వాడాక నా లెక్క

వ్యాయామానికి వాడే ఈ సాగే రబ్బరు బ్యాండ్లతో కాళ్లకి నిజంగా బలం వస్తుందా, లేక టైమ్ వేస్టా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: వస్తుంది. కానీ ప్యాకెట్‌లో మడిచి పెట్టే ఆ రంగురంగుల చార్టు చూసి చేస్తే మొదట్లో వచ్చేది వచ్చి అక్కడే ఆగిపోతుంది. బ్యాండ్ ఎక్కడ బిగుస్తుంది, ఎక్కడ వదులవుతుంది అన్న ఒక్క విషయం పట్టుకుంటే మాత్రం, మిగతాదంతా మనమే అమర్చుకోవచ్చు. కొన్నేళ్లుగా ఇంట్లో ఎక్కువగా వీటితోనే కాళ్ల వర్కవుట్ చేస్తున్నా కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది అన్నది రాస్తున్నా.

నా దగ్గర దాదాపు అన్ని రకాలూ తిరిగాయి. జానెడు పైచిలుకు పొడవుండే పల్చటి లేటెక్స్ (రబ్బరు) లూపులు, అంటే రింగులా కలిసి ఉండే పట్టీలు, తొడలకి వేసుకునే గుడ్డ బ్యాండ్, 41 అంగుళాల పొడవు లూపులు, పిడులూ కొక్కేలూ ఉన్న ట్యూబుల సెట్టు. కాళ్ల వరకూ అయితే వీటిలో నిలబడ్డవి రెండే, గుడ్డ బ్యాండ్, 41 అంగుళాల లూపు. ట్యూబులు చేతులకీ వీపుకీ బాగానే ఉంటాయి గానీ కాళ్ల బలానికి ఆ పిడి పట్టుకునే చేతులే ముందు అలిసిపోతాయి.

పల్చటి లూపుల గురించి ఒక మాట, ఎందుకంటే అందరూ మొదట కొనేవి అవే. సన్నగా, తేలిగ్గా ఉంటాయి, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు, నిజమే. కానీ తొడల మీద వేసుకుని రెండు అడుగులు పక్కకి వేసేసరికి చాపలా చుట్టుకుపోయి తాడై కూర్చుంటుంది, చర్మం కందిపోతుంది, వెంట్రుకలు లాగుతుంది. నాదొకటి అంచున సూదిమొనంత చీలిక పడి, అది నాకు కనపడేలోపే పక్క నడకల మధ్యలో ఫట్‌మని తెగి తొడ మీద ఎర్రటి చార వదిలింది. అదే మొహం దగ్గర పెట్టి చేసే వ్యాయామం అయ్యుంటే కంటికి తగిలేది. గుడ్డది లోపల రబ్బరు గీతలుండటం వల్ల జారదు, చుట్టుకోదు. దానికి ఉన్న ఒకే లోపం, సాగుడు తక్కువ. కాళ్లు బాగా దూరం వేయాల్సిన కదలికలకి పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం. డంబెల్ నేల దగ్గరున్నా నడుం దగ్గరున్నా దాని బరువు మారదు. బ్యాండ్ అలా కాదు, సాగేకొద్దీ బరువెక్కుతుంది. స్క్వాట్‌లో, అంటే గుంజీలా కూర్చుని లేచేటప్పుడు, మనం బలహీనంగా ఉండేది కిందకి కూర్చున్నప్పుడు, బలంగా ఉండేది లేచి నిలబడబోయే చివరి భాగంలో. బ్యాండ్ సరిగ్గా ఆ చివర్లోనే బిగుస్తుంది. అంటే మన బలం పెరిగే దారిలోనే దాని బరువూ పెరుగుతుంది, బార్‌బెల్ ఎత్తే పవర్‌లిఫ్టర్లు బార్‌కి అదనంగా బ్యాండ్లు తగిలించేది అందుకే. కానీ వాళ్లకి కింద బార్ బరువు ఉంది! మనకి ఒక్క బ్యాండే ఉన్నప్పుడు కింద ఏముంటుంది? దాదాపు ఏమీ ఉండదు. కండరం సాగి ఉన్న స్థితిలో పడే శ్రమే పెరుగుదలకి బాగా పనికొస్తుందని ఈ మధ్య పరిశోధనలు చాలావరకు చెబుతున్నాయి, బ్యాండ్ ఎగ్గొట్టేది సరిగ్గా ఆ భాగాన్నే.

దీనికి మందు పాదాల మధ్య దూరంలో ఉంది. పొడవు లూపుని పాదాల కింద తొక్కి, పైభాగం రెండు భుజాల మీదకి తెచ్చుకుని స్క్వాట్ చేస్తారు కదా. పాదాలు దగ్గరగా పెడితే కూర్చున్నప్పుడు బ్యాండ్ ఊగుతుంది, వేలు పెట్టి పక్కకి లాగితే వచ్చేస్తుంది. అదే పాదాలు ఒక బెత్తెడు దూరం జరిపితే, అంత రబ్బరు పాదాల కిందే ఖర్చయిపోయి, కూర్చున్నప్పుడు కూడా బిగువు మిగులుతుంది. నేను నేల మీద టేపు ముక్కలు అతికించి పెట్టుకున్నా, లోపలి గీత, మధ్య గీత, బయటి గీత అని. అదే బ్యాండ్‌తో గీత మారిస్తే బరువు మారినట్టే. నోట్‌బుక్‌లో కూడా రంగు రాయను, ఏ బ్యాండ్, ఏ గీత, ఎన్ని రెప్స్ (ఎన్నిసార్లు చేశాను) అని రాస్తా. భుజాల మీద బ్యాండ్ గొంతు వైపు జరిగి నొక్కుతుంది, అదో చిరాకు, దానికి మడతపెట్టిన టవల్ అడ్డం పెట్టడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు.

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌కి ఈ సూత్రం ఇంకా బాగా పనిచేస్తుంది. లూపు మధ్యలో నిలబడి రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని నడుం వంచకుండా తుంటి దగ్గర వంగితే, పాదాలు దగ్గరగా ఉన్నప్పుడు చేతులు పిక్కల దాకా దిగేసరికి బ్యాండ్ వదులైపోతుంది, తొడ వెనక కండరానికి అసలు పని పడాల్సింది అక్కడే. పాదాలు ఎడంగా పెట్టండి, లేదా కొసలని చేతికి ఒక చుట్టు చుట్టండి, తేడా మొదటి రెప్‌లోనే తెలుస్తుంది.

మడత లెక్క కూడా చాలామందికి తెలియదు. ఒక లూపుని మధ్యకి మడిచి రెండు పేటలు చేస్తే బరువు రెట్టింపు అవుతుందనుకుంటారు. కాదు, పేటలు రెండింతలు, పొడవు సగం, కాబట్టి అంతే దూరం లాగడానికి దాదాపు నాలుగింతల బలం కావాలి. సన్న బ్యాండే చాలు, మడిచి వాడుకోవచ్చు అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, మధ్యలో మెట్టు ఉండదు, ఒక్కసారిగా కొండెక్కుతుంది. పైగా పొడవు సగమైంది కాబట్టి సాగుడు హద్దుకి కూడా త్వరగా చేరుతుంది.

ప్యాకెట్ మీద కిలోలు, పౌండ్లు రాస్తారు చూశారా, వాటిని నమ్మి ఎవరితోనూ పందెం వేయకండి. నేను సూట్‌కేస్ తూచే కొక్కెం కాటా తగిలించి లాగి చూశా. రాసిన పెద్ద అంకె రావాలంటే బ్యాండ్ దాని పొడవుకి రెండు రెట్లు దాటి సాగాలి, నా స్క్వాట్‌లో అది అంత దూరం సాగనే సాగదు. రంగుల సంగతి ఇంకా అన్యాయం. థెరాబ్యాండ్ అనే కంపెనీ వాళ్ల వరసలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు అని బిగువు పెరుగుతూ పోతుంది, కానీ అది వాళ్ల వరస మాత్రమే. ఇంకో కంపెనీ ఎరుపు దీని నలుపు కన్నా గట్టిగా ఉండొచ్చు. అందుకే 'నేను బ్లాక్ బ్యాండ్‌తో చేస్తున్నా' అని ఎవరైనా అంటే దాంట్లో సమాచారం ఏమీ లేదు. 41 అంగుళాల లూపుల్లో అయితే వెడల్పు చూసుకోవడం మేలు, 13, 22, 32, 45, 64 మిల్లీమీటర్లు అని వస్తాయి.

బ్యాండ్ నిజంగా జిమ్‌ని కూడా మించిపోయే చోటు తుంటి పక్క కండరాలు. పక్కకి అడుగులు వేయడం, పక్కకి పడుకుని మోకాలు విప్పడం, వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపే గ్లూట్ బ్రిడ్జ్‌లో మోకాళ్లు బయటికి తోయడం, వీటికి డంబెల్ ఎక్కడ పెడతారు? ఇక్కడ బ్యాండ్ ఎక్కడ వేశామన్నదే సగం కథ. మోకాళ్ల పైన వేస్తే తేలిక, చీలమండల దగ్గరికి దించితే కష్టం, పాదాల ముందు భాగానికి వేస్తే ఇంకా కష్టం, తుంటికి పని బాగా పెరుగుతుంది. అయితే కిందకి దించేకొద్దీ ఒళ్లు మోసం చేయడం మొదలుపెడుతుంది, నడుం అటూ ఇటూ ఊగుతుంది, వెనక కాలు ఈడ్చుకుంటూ వస్తుంది. అడుగు వేశాక వెనక కాలిని బ్యాండే లాక్కొచ్చేస్తే ఆ సెట్ (ఆపకుండా వరసగా చేసే ఒక విడత) దండగ, దాన్ని ఆపి ఆపి తేవాలి.

స్క్వాట్ చేసేటప్పుడు మోకాళ్లు లోపలికి పడేవాళ్లకి గుడ్డ బ్యాండ్ మంచి గుర్తు చేసే సాధనం అని అందరూ చెప్తారు. నా అభిప్రాయం, కొన్ని రోజులు గుర్తు కోసం సరే, ఎప్పటికీ అదే పెట్టుకుని స్క్వాట్ చేస్తే తొడల బలానికి వచ్చేదేమీ ఉండదు, పక్క కండరాలు ముందే అలిసి సెట్ ఆగిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్పానిష్ స్క్వాట్. కదలని స్తంభానికో బాగా బరువైన మంచం కోడుకో మందపాటి లూపు వేసి, దాంట్లోకి రెండు కాళ్లూ పెట్టి మోకాళ్ల వెనక గుంటల దగ్గర ఆనేలా చూసుకుని, బ్యాండ్ బిగిసేదాకా వెనక్కి నడిచి, కుర్చీలో కూర్చున్నట్టు కిందకి దిగాలి. బ్యాండ్ మోకాళ్లని ముందుకి లాగుతుంటుంది కాబట్టి మనం వెనక్కి పడిపోకుండా మోకాలి నుంచి చీలమండ దాకా కాలు నిటారుగా పెట్టి కూర్చోగలం. దాంతో బరువంతా తొడ ముందు కండరాల మీదే. తొడలు నేలకి సమానంగా వచ్చే ముందు ఆగి ముప్పై, నలభై సెకన్లు ఉండి చూడండి, మోకాలి చిప్ప పైన ఉండే కండరం చేత్తో ముట్టుకుంటే రాయిలా ఉంటుంది, కాసేపటికి దానంతట అదే వణకడం మొదలవుతుంది. మోకాలి చిప్ప కింద నరంలా తగిలే స్నాయువు నొప్పి ఉన్న ఆటగాళ్లకి ఫిజియోలు దీన్ని ఎక్కువగా చేయిస్తుంటారు, కదలకుండా పట్టి ఉంచే పద్ధతిలో. ఇంట్లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ (కూర్చుని మోకాలు చాపుతూ బరువు లేపే జిమ్ మెషీన్) లేని లోటు నాకు తీర్చింది ఇదొక్కటే. సన్న బ్యాండ్ మాత్రం వద్దు, 45 మిల్లీమీటర్లకి తగ్గితే మోకాళ్ల వెనక తాడులా కోసుకుంటుంది.

తొడ వెనక కండరాల విషయంలో బ్యాండ్‌కి పాస్ మార్కులే. బోర్లా పడుకుని మడమకి బ్యాండ్ తగిలించి మడిచే కర్ల్‌లో, కాలు చాపి ఉన్నప్పుడు ఏమీ ఉండదు, మడిచేశాక మాత్రం ప్రాణం తీస్తుంది, కండరం అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది. నున్నటి నేల మీద వెల్లకిలా పడుకుని మడమల కింద గుడ్డ వేసుకుని, నడుం ఎత్తి కాళ్లు జార్చే కర్ల్ బ్యాండ్ లేకుండానే దీనికన్నా బాగా పట్టింది. పిక్కలకి కూడా అంతే, మెట్టు అంచున ఒంటికాలి మీద మడమ పూర్తిగా దించి లేపితే చాలు. మోకాలు నిటారుగా ఉంచితే పైకి కనిపించే పెద్ద పిక్క, మడిస్తే దాని కింద ఉండే సోలియస్.

మరి బరువులతో పోలిస్తే? 2019లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల ఫలితాలని కలిపి లెక్కగట్టేది) బ్యాండ్లతోనూ మామూలు బరువులతోనూ చేసినవాళ్లకి బలం దాదాపు సమానంగానే పెరిగిందని తేల్చింది. నా ఒంటి మీద అది కొంతవరకే నిజం. కండ పెరగడానికి తేలిక బరువైనా ఇక ఒక్కటి కూడా లేవదు అన్న దగ్గరికి సెట్ వెళితే సరిపోతుంది, అది ఇంట్లో బ్యాండ్‌తో ఇరవై, పాతిక రెప్స్‌లో సాధ్యమే. కానీ ఒకే ఒక్కసారి ఎంత బరువు ఎత్తగలం అన్న రకం బలం కావాలంటే బరువులే ఎత్తాలి. నేనిప్పుడు వీపుకి బరువు నింపిన బ్యాగు తగిలించుకుని, ముందు కాలి కింద బ్యాండ్ తొక్కి, వెనక కాలు కుర్చీ మీద పెట్టి బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ చేస్తున్నా. కింద బ్యాగు పనిచేస్తుంది, పైన బ్యాండ్ పనిచేస్తుంది. ఒంటికాలి మీద కాబట్టి బరువు ఎక్కువ అక్కర్లేదు. వారానికి కనీసం రెండుసార్లు పెద్ద కండరాలన్నిటికీ పని చెప్పమని డబ్ల్యూహెచ్‌వో 2020 మార్గదర్శకాల్లో ఉంది, కాళ్లకి నేనూ రెండుసార్లే, మూడోసారి పెడితే తర్వాత మెట్లు దిగడమే కష్టం అవుతోంది.

మన్నిక సంగతి చెప్పాలి. లేటెక్స్‌కి ఎండ, వేడి, నూనె పడవు. కిటికీ దగ్గర వేలాడదీసింది త్వరగా గట్టిపడి పగుళ్లు ఇచ్చింది, బీరువాలో ఉన్నది ఇంకా బాగుంది. పొరలు పొరలుగా చేసిన పొడవు లూపులు తెగే ముందు అంచున పొర లేచి హెచ్చరిస్తాయి, వాడే ముందు వేళ్లతో ఒకసారి అంచంతా తడమండి, గరుకు తగిలిందంటే అది ఇక వ్యాయామానికి కాదు. గుడ్డది అలా తెగదు, మెల్లగా సాగిపోతుంది, అది ఇంకా మాయ, ఎందుకంటే బ్యాండ్ ముసలిదవుతుంటే మనకి బలం వచ్చిందనిపిస్తుంది! అప్పుడప్పుడు నీళ్లు నింపిన అదే బకెట్‌ని తగిలించి ఎంత సాగిందో టేపుతో కొలుస్తా. ఒకప్పటికన్నా రెండు వేళ్లు కిందకి దిగితే మార్చే టైమ్ వచ్చినట్టు.

తలుపుకి తగిలించేవాళ్లు, లాగితే తలుపు మూసుకునే వైపే నిలబడండి, తెరుచుకునే వైపు కాదు. గొళ్లెం కూడా వేయండి, అవతల నుంచి ఎవరో తీస్తారు. రబ్బరు చేతి తొడుగులతో దురద వచ్చేవాళ్లు లేటెక్స్ లేనిది అని రాసి ఉన్నదే తీసుకోవాలి, గుడ్డ బ్యాండ్లలో కూడా లోపల లేటెక్స్ దారం ఉండొచ్చు కాబట్టి గుడ్డే కదా అని కొనేయొద్దు.

కొత్తగా కొనేవాళ్లకి నేను చెప్పేది 41 అంగుళాల లూపులు రెండు, ఒకటి 22, ఒకటి 45 మిల్లీమీటర్లది, తొడలకి గుడ్డ బ్యాండ్ ఒకటి. ఐదు రంగుల సెట్టు వద్దు, అందులో పల్చటి రెండూ కాళ్లకి ఎప్పటికీ వాడరు. 32ది తర్వాత చూసుకోవచ్చు, అప్పటిదాకా టేపు గీతలతో నడిచిపోతుంది.