మారుతి 800కి ప్లగ్గులు కొంటున్నారా? ముందు నా సంగతి వినండి

మాది 1998 మోడల్ మారుతి 800, కార్బరేటర్ బండి. నాన్న కొన్నది, అందుకే అమ్మబుద్ధి కాదు. పోయిన నెల సర్వీసుకని మూడు స్పార్క్ ప్లగ్గులూ (సిలిండర్‌లో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఇచ్చేవి) మార్పించాను. విజయవాడలోనే ఒక స్పేర్ పార్ట్స్ షాపువాడు "ఒరిజినలే సార్, పాత స్టాకు" అంటే సగం రేటుకి వస్తున్నాయి కదా అని తీసుకున్నా. బిల్లు అడగలేదు. ఆ తప్పు నాదే.

నాలుగో రోజు నుంచి మిస్సింగ్, అంటే ఇంజన్ సరిగ్గా మండక కుదుపులు. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ సెకండ్ గేర్‌లో కూడా ఎక్కలేక ఆయాసపడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు కూడా ఊగుతున్నాడు. ఉన్నవే మూడు సిలిండర్లు, అందులో ఒకటి పడుకుంటే అంతే మరి! ప్లగ్గులు కొత్తవే కదా అని నేనూ, మెకానిక్కూ వాటి జోలికే పోలేదు. ముందు హెచ్‌టీ వైర్లు (ప్లగ్గులకి కరెంటు తెచ్చేవి) మార్చాం, తర్వాత ఆ కరెంటుని వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, ఆఖరికి కార్బరేటర్ కూడా విప్పించాం. నాలుగు వేల పైనే వదిలింది.

చివరికి మా వీధి చివర పెద్దాయన ఒకరు ఇంజన్ నడుస్తుండగానే వైర్లు ఒక్కొక్కటే పీకి చూశారు (మీరు చెయ్యకండి, షాక్ గట్టిగా కొడుతుంది). మధ్యది పీకితే ఇంజన్ సౌండులో తేడాయే లేదు, అంటే ఆ సిలిండర్ ముందే పని చెయ్యట్లేదన్నమాట. ఆ ప్లగ్గు తీస్తే పెట్రోలుతో తడిసి ఉంది. దాన్ని పక్క సిలిండర్‌లో పెడితే మిస్సింగ్ కూడా అటే పోయింది. డిక్కీలో పడేసిన పాత ప్లగ్గులు బ్రష్‌తో తోమి బిగించారు, బండి హాయిగా నడిచింది.

అప్పుడు తీరిగ్గా చూశా. కొత్త ప్లగ్గులు నకిలీవి. డబ్బా మాత్రం అచ్చు ఒరిజినల్‌లాగే ఉంది. ప్లగ్గు తెల్ల పింగాణీ మీది అక్షరాలు పెట్రోలు గుడ్డతో తుడిస్తే చెరిగిపోయాయి. మధ్య కడ్డీ ఓ పక్కకి ఒరిగి ఉంది. ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు) పెడితే మూడింటి గ్యాపూ, అంటే నిప్పురవ్వ దూకే సందు, మూడు రకాలు. మరలు గరుకుగా ఉన్నాయి, అసలు భయం దాంతోనే. ప్లగ్గులు బిగించే ఇంజన్ పైభాగం, హెడ్, అల్యూమినియం కదా, దాని మర చెడితే ఖర్చు ప్లగ్గులతో పోదు. మొదట చేత్తో తిప్పినప్పుడు సాఫీగా దిగకపోతే స్పానర్ పెట్టనివ్వకండి. కొత్తవి వేసినా పాతవి ఓ నెల దాచుకోండి.

షాపుకి వెళ్లి అడిగితే "మా దగ్గరే కొన్నారని గ్యారంటీ ఏంటి సార్?" అన్నాడు. నేను బయటికి వస్తుంటే ఇంకొకాయన స్కూటర్‌కి ప్లగ్గు బేరమాడుతున్నాడు.