మా పేట అంగన్‌వాడీ: గుడ్డుకు లోటు లేదు, గంటలకే లోటు

మా పాపకు ఇరవయ్యో నెల వచ్చినప్పటి నుంచి, అంటే ఏడాదిన్నరగా, మా పేటలోని అంగన్‌వాడీ కేంద్రం సేవలను వాడుకుంటున్నాం. నేను రైసు మిల్లులో గుమాస్తాను, నా భార్య బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఇద్దరి జీతాలూ కలిపినా ప్రైవేటు ప్లేస్కూలు ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. బిడ్డను ఎవరికో ఒకరికి అప్పగించి పనికి పోవలసిన ఇంటి అవసరాలను బట్టే ఈ కేంద్రాన్ని తూచాను.

తిండికి వంక పెట్టడానికి లేదు. మూడేళ్లు నిండేదాకా నెలకు 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్టు, 16 గుడ్లు ఇంటికి ఇచ్చారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన ఆ పిండిలో తీపి కాస్త ఎక్కువేనని నాకనిపిస్తుంది కానీ, మా పాప మాత్రం నీళ్లలో కలిపేదాకా ఆగకుండా పొడిగానే గుప్పెట్లోకి తీసుకుని మూతి నిండా పూసుకునేది. ఇప్పుడు రెండు నెలలుగా కేంద్రంలోనే అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు తింటోంది. పచ్చసొన వద్దని మొండికేసే పిల్లలకు ఆయమ్మ దాన్ని పప్పన్నంలో మెదిపి, కనబడకుండా చేసి పెట్టడం నేను గుమ్మంలో నిలబడి చూశాను. పాప బరువు తగ్గి, ఎదుగుదల చార్టులో వయసుకు తగ్గ బరువు లేదని చెప్పే పసుపు రంగులోకి జారిన నెలలో టీచరమ్మే మా ఇంటికి వచ్చి చెప్పారు.

ఇంత పని ఎంత డబ్బుతో నడుస్తోందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు బిడ్డకు పోషకాహారం కోసం 2017లో ఖరారు చేసిన లెక్క రోజుకు 8 రూపాయలు, అందులోనూ సగం రాష్ట్రం భరించాలి. మా వీధి కిరాణా కొట్టులో గుడ్డు ఒక్కటే ఆరేడు రూపాయలు. 2025-26 కేంద్ర బడ్జెట్టులో అంగన్‌వాడీలకు డబ్బిచ్చే సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 పథకానికి 21,960 కోట్ల రూపాయలు కేటాయిస్తూ, ఈ రేట్లను తగిన విధంగా పెంచుతామని ఆర్థిక మంత్రి ప్రసంగంలో చెప్పారు. తగిన విధం అంటే ఎంతో గుడ్డు ధర తెలిసినవారే తేల్చాలి. టీచరు గౌరవవేతనంలో కేంద్ర ప్రభుత్వ లెక్క 2018లో 4,500 రూపాయలుగా నిర్ణయించినది, ఆపైన రాష్ట్రం కలుపుతోంది. జీతం అనకుండా గౌరవవేతనం అనడంలోనే సగం సంగతి ఉంది.

నా ఫిర్యాదులు రెండు. ఇంటికిచ్చే సరుకుకు 2025 జులై నుంచి అంగన్‌వాడీ సేవలను నమోదు చేసే పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఆ నెల మా అమ్మ వెళితే, నమోదైన తల్లి ముఖమే కావాలని వెనక్కి పంపారు. నా భార్య పూట సెలవు పెట్టి వచ్చి, సెల్‌ఫోను ముందు మూడుసార్లు కళ్లార్పితే గానీ ప్యాకెట్టు చేతికి రాలేదు, ఆ పూట జీతం కోత పడింది. ఇందులో టీచరమ్మ తప్పేమీ లేదు, నెట్టు రాక ఆవిడ కూడా ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్లి నిలబడ్డారు.

రెండోది, ఇంతకన్నా పెద్దది, వేళల సమస్య. మా కేంద్రంలో నాలుగింటికి పిల్లలను పంపేస్తారు, దుకాణం నుంచి నా భార్య వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. నడుమ ఆ నాలుగు గంటలూ మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మే పాప వెంట పరుగెత్తాలి. అమ్మ లేని ఇల్లయితే తల్లి ఉద్యోగం మానుకోవలసిందే. పని చేసే తల్లుల కోసం అంగన్‌వాడీలోనే పసిపిల్లలను చూసుకునే క్రెష్ నడిపే పాల్నా పథకం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నా, అది మా పేటదాకా రాలేదు. మా కేంద్రం బిడ్డ కడుపును చూసుకుంటోంది, తల్లి పనిదినాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

అందుకే తిండికి ఐదుకు నాలుగున్నర, సంరక్షణకు రెండు ఇస్తాను. పేరు రాయించుకోదలచినవారు తల్లీబిడ్డల ఆధార్ కార్డులు, టీకాల కార్డు వెంట పెట్టుకుని పొద్దున్నే వెళ్లండి. ప్యాకెట్లు పంచే రోజున మాత్రం వద్దు, ఆ రోజు టీచరమ్మకు ఫోను మీంచి తల ఎత్తే తీరిక ఉండదు.