థార్‌కు 2 అంగుళాల లిఫ్ట్, 33 అంగుళాల టైర్ల ప్యాకేజీ: ఎత్తు ఇస్తున్నారు, జాగా ఇవ్వట్లేదు

వరంగల్, హన్మకొండ యాక్సెసరీ షాపుల్లో మూడు డోర్ల మహీంద్రా థార్‌కు పెద్ద టైర్లు కావాలని అడిగితే చెప్పే ప్యాకేజీ దాదాపు ఒకటే. 2 అంగుళాల స్పేసర్ లిఫ్ట్ కిట్ (సస్పెన్షన్‌లో దిమ్మెలు పెట్టి బండిని లేపేది), బయటికి పొడుచుకొచ్చే 17 అంగుళాల రిమ్ములు, 285/70 ఆర్17 టైర్లు (285 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము). షాపు ముందు నిలబెడితే బండి చూడముచ్చటగా ఉంటుంది. పాకాల వైపు ఏ ఒర్రెలోనో దింపి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఒక ముందు చక్రాన్ని గట్టు మీదికి ఎక్కిస్తే బర్రున గీరుకుంటుంది. అది టైరు తప్పు కాదు. చేయాల్సిన పనిలో సగం ఈ ప్యాకేజీలోనే లేదు.

ముందు లెక్క చూద్దాం. ఎల్‌ఎక్స్ రకం థార్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 255/65 ఆర్18, అంటే సుమారు 789 మి.మీ. వ్యాసం. 285/70 ఆర్17 వ్యాసం 831 మి.మీ., అంటే దాదాపు 33 అంగుళాలు. తేడా 42, అందులో సగం, అంటే 21 మి.మీ. మాత్రమే బండి కింద ఎత్తుగా మిగులుతుంది. మిగతా 21 మి.మీ. టైరు పైకి, ముందుకు, వెనక్కి పెరుగుతుంది. గీరుకునేది ఆ భాగమే. వెడల్పు 30 మి.మీ. పెరిగింది కాబట్టి లోపలికి 15, బయటికి 15. దీనికితోడు కొత్త రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము నడిమధ్య నుంచి అది హబ్‌కు బిగిసే ముఖం దాకా దూరం) పాతదానికంటే 20 మి.మీ. తక్కువైతే బయటి అంచు 35 మి.మీ. బయటికొస్తుంది. లోపల మాత్రం పాతదానికంటే 5 మి.మీ. ఖాళీ ఎక్కువే దొరుకుతుంది. షాపువాళ్లు చూపించేది ఈ 5 మి.మీ.నే. ఆ 35 సంగతి ఎవరూ ఎత్తరు. స్టీరింగ్ తిప్పినప్పుడు బయటి అంచు పెద్ద వంపు తిరుగుతుంది, బంపర్ మూలకు, మడ్‌గార్డ్ వెనుక అంచుకు తగిలేది అదే. కొనేముందు రిమ్ము వెనుక పోసిన ఈటీ అంకె (అదే ఆఫ్‌సెట్, మి.మీ.లో) చదివి ఈ కూడిక మీరే వేసుకోండి, అయిదు నిమిషాల పని.

ఇక లిఫ్ట్ కిట్. నిలబడి ఉన్న బండిలో టైరు పైన నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది కాబట్టి ఇక గీరుకోదని నమ్మిస్తారు. గీరుకోవడం నిలబడినప్పుడు జరగదు, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు జరుగుతుంది. అక్కడ కిట్ ఏ రకమో తేడా చూపిస్తుంది. స్ప్రింగ్‌కు, దాని కప్పుకు మధ్య పెట్టే స్పేసర్ స్ప్రింగ్‌ను బిగించి బండిని లేపుతుంది. కానీ చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు ఆగే చోటు మారదు. అంటే 21 మి.మీ. పెద్ద టైరు పాత చోటికే వచ్చి గుద్దుకుంటుంది. షాకబ్జర్ పైభాగానికి, ఛాసిస్‌కు మధ్య పెట్టే స్పేసర్ మొత్తం షాకబ్జర్‌నే కిందికి దించుతుంది. చక్రాన్ని ఆపే రబ్బరు షాకబ్జర్ రాడ్డు మీదే ఉంటే చక్రం ఆగే చోటు కూడా దిగుతుంది, కాబట్టి ఇది నయం. దాని ఖర్చు మరోచోట పడుతుంది. చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది, ముందు యాక్సిల్ జాయింట్ల కోణం పెరుగుతుంది. స్పేసర్ మందం 50 మి.మీ. లేదని గొడవపడకండి. షాకబ్జర్ కింది కొస సస్పెన్షన్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) మధ్యలో పట్టుకుంటుంది కాబట్టి 25–30 మి.మీ. స్పేసర్‌తోనే చక్రం దగ్గర 50 రావచ్చు. 50 మి.మీ. స్పేసరే పెడితే అది 2 అంగుళాల లిఫ్ట్ కాదు, జాయింట్లకు గండం.

ఏ రకమైనా బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మె) ఎత్తు సరిచేయకుండా పని పూర్తి కాదు. చక్రం దగ్గర కావాల్సింది సుమారు 21 మి.మీ. ఆర్మ్ మీద స్టాప్ ఉండి, అది పివట్‌కు (ఆర్మ్ ఛాసిస్‌కు కలిసే కీలు), చక్రానికి సగం దూరంలో ఉంటే 10–12 మి.మీ. మందం చాలు. వెనుక ఇరుసు ఒకే దూలం కాబట్టి రెండు చక్రాలూ కలిసి లేస్తే స్టాప్ ఎంత పెంచితే అంతే ఆగుతుంది. ఒక్క చక్రమే లేచినప్పుడు మాత్రం స్టాప్ లోపలి వైపు ఉన్నందువల్ల చక్రం దాన్ని మించి పైకి పోతుంది. వెనుక కాస్త ఎక్కువే పెట్టించండి. ప్యాకేజీలో లేని ముఖ్యమైన భాగం ఇదే.

బండి తీసుకునే ముందు షాపులోనే పరీక్ష చేయించాలి. మడ్‌గార్డ్ లోపలి లైనర్‌కు, బంపర్ మూలకు, లోపల ఛాసిస్ పక్కకు చిక్కటి సున్నం పూయండి. ముందు కుడి చక్రం, వెనుక ఎడమ చక్రం 40 సెం.మీ. ఎత్తు దిమ్మెల మీదికి ఎక్కించి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు తిప్పండి. తర్వాత మూలలు మార్చండి. సున్నం ఎక్కడ చెదిరిందో అక్కడే పని ఉంది. ట్రయల్ అంటూ కాజీపేట దాకా తారురోడ్డు మీద తిప్పుకొస్తే దీనికి జవాబు దొరకదు.

చెదిరింది బంపర్ మూల ప్లాస్టిక్ అయితే గీత గీసి 20–25 మి.మీ. కోయించడం తేలిక. లైనర్ అయితే హీట్ గన్‌తో మెత్తబరిచి వెనక్కి నొక్కి కొత్త క్లిప్పులు వేయాలి. లైనర్ పూర్తిగా పీకేసే సలహా కూడా వస్తుంది, వినకండి. వానాకాలం బురదంతా వైరింగ్ మీద పడుతుంది. షీటు మెటల్ అంచు తగిలితే సుత్తితో మడవొచ్చు కానీ జింక్ ప్రైమర్, సీలర్ వేయకుంటే అక్కడే తుప్పు మొదలు. లోపలి వైపు తగిలితే స్టీరింగ్ తిరిగే కోణం కాస్త తగ్గిస్తే సరిపోవచ్చు, బండి తిరిగే వలయం మాత్రం పెరుగుతుంది. దీనికి మందుగా చవక అల్యూమినియం వీల్ స్పేసర్ (హబ్‌కు, రిమ్ముకు మధ్య పెట్టే బిళ్ల) చూపిస్తే వద్దనండి. నట్టు స్టడ్ (చక్రాన్ని పట్టే బోల్టు) మీద కనీసం స్టడ్ మందమంత లోతు పట్టాలి, 12 మి.మీ. స్టడ్‌కు 12 మి.మీ. స్పేసర్ ఆ లోతును తినేస్తుంది.

మన ప్రాంతానికి మరో లెక్క కూడా ఉంది. పరకాల వైపు పత్తి చేల నల్లరేగడి వానకు తడిస్తే టైరుకు పేడముద్దలా పట్టుకుంటుంది. పొడి నేల మీద 10 మి.మీ. సందు చాలనిపించినా, ఆ మట్టి పట్టాక టైరు తనంతట తానే లావవుతుంది. పూర్తిగా అణిగిన స్థితిలో 25 మి.మీ. ఖాళీ లేకుంటే లైనర్ క్లిప్పులు ఒక్కొక్కటే రాలిపోతాయి. చల్క నేలలకు ఇంత అక్కర్లేదు.

బిగించాక చక్రాలు గాల్లో వేలాడదీసి చేత్తో తిప్పించండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు లాగినట్టు కనిపించకూడదు, యాక్సిల్ బూటు (జాయింటు మీది రబ్బరు తొడుగు) మడతలు ఒకదానికొకటి రాసుకోకూడదు. అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి, హెడ్‌లైట్ల వెలుగు కిందికి సర్దించుకోండి. స్పీడోమీటరు 100 చూపిస్తే బండి నిజంగా 105 దాకా పోతుండవచ్చు, ఎన్‌హెచ్ 163 (హైదరాబాద్–వరంగల్ హైవే) మీద కెమెరాకు ఆ 5 కూడా లెక్కే. ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది కాబట్టి మైలేజీ నిజంగా పడిపోయినదానికంటే ఎక్కువే పడిపోయినట్టు కనిపిస్తుంది.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చడాన్ని అడ్డుకుంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. క్లెయిమ్ రోజున బీమా సర్వేయరు టైరు సైజు చదువుతాడు. షాపువాళ్లు ఈ ముక్క చెప్పరు.

ప్యాకేజీని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే 5కు 2 మార్కులు. బంప్ స్టాప్, కోత పని, సున్నం పరీక్ష, అలైన్‌మెంట్ కొటేషన్‌లో విడివిడిగా రాయించుకుని చేయిస్తే 4. లక్నవరం, బొగత, మేడారం దాకా వెళ్లి రావడమే పనైతే అసలు ఇది అక్కర్లేదు. కంపెనీ రిమ్ముల మీదే 265/65 ఆర్18 ఎక్కిస్తే వ్యాసం 802 మి.మీ., అన్ని వైపులా పెరిగేది ఆరేడు మి.మీ. మాత్రమే. అయినా సున్నం పరీక్ష ఒకసారి చేసుకోండి. ఈ కొలతలు అయిదు డోర్ల థార్ రాక్స్‌కు వర్తించవు.

పెద్ద సైజుకే వెళ్తే స్టెపినీ కూడా అదే సైజు ఉండాలి, ఫోర్‌వీల్ వేసి నడిపే బండికి నాలుగో చక్రం చిన్నదైతే గేర్ల మీద భారం పడుతుంది. అది వెనుక తలుపుకు వేలాడుతుంది కాబట్టి కింద బంపర్‌కు తగులుతుందేమో, తలుపు కీలు కుంగిందేమో చూడండి. నట్లు 50–100 కి.మీ. నడిచాక టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, పంచర్ షాపులో గాలి తుపాకీతో కాదు.