సియాటిల్ గాజు చూసేముందు టకోమా కొలిమి చూడండి

విజయనగరంలో మా వీధి నుంచే ఏటా ఎవరో ఒకరు పిల్లల దగ్గరికి అమెరికాలోని సియాటిల్ వెళ్తుంటారు. వెళ్లొచ్చినవాళ్లు అక్కడి స్పేస్ నీడిల్ అనే ఎత్తైన టవర్ ముచ్చట్లే చెబుతారు. దాని పక్కనే గాజు కళాకారుడు చిహూలీ పనులతో 2012లో తెరిచిన ‘చిహూలీ గార్డెన్ అండ్ గ్లాస్’ ప్రదర్శనశాలను టికెట్ దండగని వదిలేస్తారు. అలా వదలకండి. రెండిటికీ కలిపి టికెట్ తీసుకోవచ్చు, విడివిడిగా కొనేకంటే కలిసొస్తుంది.

లోపల గదులు చీకటిగా ఉంటాయి, దీపాలన్నీ గాజు మీదే. ఒక గదిలో తలెత్తితే కప్పంతా పళ్లేల్లా, గవ్వల్లా పరిచిన రంగుల గాజు. ఆ ఎరుపూ నీలమూ గోడల మీదికి, మన బట్టల మీదికి జారిపడతాయి. మా అమ్మాయి లేత రంగు చుడీదార్ మీద ఆ రంగులు కదులుతుంటే ఎంతసేపు చూశానో. అక్కడే ఉన్న గ్లాస్‌హౌస్ అనే అద్దాల గది ఎత్తు 40 అడుగులు. అందులో 100 అడుగుల పొడవున ఎరుపు, నారింజ, పసుపు గాజుపూలు వేలాడుతుంటాయి. అద్దాల కప్పులోంచి నీడిల్ కనిపిస్తుంది. సాయంత్రం వెళ్తే మంచిది.

అయినా నా ఓటు టకోమాకే. సియాటిల్‌కి దక్షిణాన, కారులో గంట దారి. చిహూలీ పుట్టిన ఊరు కూడా అదే. అక్కడి మ్యూజియం ఆఫ్ గ్లాస్‌లో 90 అడుగుల స్టీలు శంకువు కింద కొలిమి ఉంది, ఎదురుగా మెట్లమెట్లుగా కుర్చీలు. మోకాళ్ల నొప్పులున్న మావారికి ఆ కూర్చోవడమే పెద్ద సుఖం. 1,000 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన గాజుని ఇనుప గొట్టానికి ముద్దలా చుట్టి తీస్తారు. ఒకరు ఊదుతారు, ఇంకొకరు తిప్పుతూనే ఉంటారు. తిప్పడం ఆపితే ముద్ద ఒక పక్కకి జారిపోతుంది. అయ్యాక ఒక్కసారిగా చల్లారితే పగులుతుంది కాబట్టి వేరే పొయ్యిలో గంటల తరబడి నెమ్మదిగా చల్లారుస్తారు. 1976 ప్రమాదంలో చిహూలీకి ఎడమ కన్ను పోయింది, 1979లో భుజం దెబ్బతింది. అప్పటినుంచి ఆయన బొమ్మ గీసి దగ్గరుండి చెబితే బృందం ఊదుతుంది. ఒక్కడి చేతిపని కాదిదని ఆ కొలిమి ముందు కూర్చున్నాకే నాకు మనసుకెక్కింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసదుంగని వీణగా తొలిచేవాళ్ల దగ్గర కాసేపు కూర్చుని వచ్చాక వీణ కచేరీ వేరేగా వినిపిస్తుంది కదా, ఇదీ అంతే.

అందుకే ముందు టకోమా, తర్వాత సియాటిల్. మేం తిరగేసి చూశాం, మీరు ఈ వరసలో చూడండి.

మ్యూజియాన్ని ఊరితో కలిపే 500 అడుగుల గాజు వంతెనకి టికెట్ లేదు. దాని కప్పులోనే 2,364 గాజు ముక్కలున్నాయి. పులిహోర డబ్బా తీసుకెళ్లి ఆ పక్కన నీళ్ల ఒడ్డున తిన్నాం. మ్యూజియం వారమంతా తెరిచి ఉండదు. కొలిమి పని ఏ రోజు, ఏ వేళ ఉందో పిల్లల చేత ముందే చూపించుకుని బయల్దేరండి.